కల్లుకు మార్కులు వేసిందెవరు?

పోయిన సంక్రాంతి సెలవులకు మా పాత విద్యార్థి ఒకడు బెంగళూరు నుంచి నందవరం వచ్చాడు. మా ఎరుకలగేరి పిల్లవాడే. డిగ్రీ మధ్యలో ఆపి హోటలు పనిలో చేరాడు. ఇప్పుడు బీరును అక్కడికక్కడే తయారుచేసి పోసే ఒక పెద్ద హోటల్లో ఉన్నాడు. వచ్చేటప్పుడు సంచిలో రెండు సీసాలు, ఒక కాగితం తెచ్చాడు. సీసాల్లో ఉన్నది జర్మన్ పద్ధతి పిల్స్‌నర్ బీరు. కాగితం మీద ఉన్నది దానికి మార్కులు వేసే పట్టిక. సీసాల సంగతి అటుంచితే, ఆ కాగితం మాకు రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఇరవై ఏళ్లుగా పిల్లల జవాబు పత్రాలు దిద్దుతున్నాం గానీ, తాగేదానికి ఇంత పద్ధతిగా మార్కులు వేస్తారని మాకు అంతవరకు తెలియదు.

ముందే ఒక మాట. ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. మన గేరుల్లో, తండాల్లో, గూడేల్లో మందు ఎన్ని ఇళ్లు కూల్చిందో చదివే మీకు మేము చెప్పనక్కరలేదు. మాట్లాడబోయేది తీర్పు గురించి. ఒక పానీయం మంచిదో చెడ్డదో చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంది, ఎలా వచ్చింది అన్నదే ఇక్కడి చరిత్ర.

ఆ పట్టిక అమెరికాలో 1985లో మొదలైన బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్ అనే సంస్థ పద్ధతిలోది. మొత్తం 50 మార్కులు. వాసనకు 12, కంటికి కనబడే తీరుకు 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. ఊరికే అంకె వేస్తే కుదరదు, ఎందుకు వేశారో పక్కన రాయాలి. జర్మన్ పిల్స్‌నర్ ఎలా ఉండాలో కూడా ముందే రాసిపెట్టారు. లేత గడ్డి రంగు నుంచి బంగారు రంగు దాకా ఉండవచ్చు. గ్లాసు అవతల వేలు పెడితే కనబడేంత తేటగా ఉండాలి. పైన తెల్లటి నురగ, అది చప్పున కూలిపోకూడదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ వాసన లేతగా, హాప్స్ అనే తీగ పూల వాసన దానికి తోడుగా రావాలి. చేదు స్పష్టంగా తెలియాలి. మింగాక నోట్లో తీపి మిగలకూడదు. వెన్న వాసన వస్తే తప్పు. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే తప్పు. సీసాకు ఎండ తగిలితే ఒక రకం కంపు వస్తుంది, అదీ తప్పే. మత్తు శాతం 4.4 నుంచి 5.2 లోపల.

మా గేరిలో ఎనభై దాటిన పెద్దాయన ఒకరున్నారు. పిల్లవాడు ఆయన ముందు గ్లాసు పెట్టి, "తాతా, నువ్వెన్ని మార్కులేస్తావు?" అన్నాడు. వాడి తల్లి అరుగు మీద కూర్చొని ఈతాకు చీపుర్లు కడుతోంది. గ్లాసు వైపు ఒకసారి చూసి, మళ్లీ తన పనిలో పడింది.

పెద్దాయన గ్లాసును ఎండకు ఎత్తి చూశారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఒక గుక్క తాగి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సేదు ముందర రాలేదురా. మింగినాక వచ్చినాది. యాపపుల్ల నమిలి ఉమ్మినట్ల నోరు కడిగేసినాది. తప్పుడు సరుకైతే కాదు" అన్నారు. పట్టికలో ఇంగ్లీషులో ఇంత పొడుగున ఉన్నదాన్ని ఆయన నాలుగు ముక్కల్లో చెప్పేశారు. ఆ కాగితం ఆయన చదవలేదు, చదవలేరు కూడా. రెండో గుక్క తాగి, "అయితే దీనికి పొద్దు లేదు గదరా. తెల్లారి తాగినా ఇంతే, మాపున తాగినా ఇంతే" అన్నారు.

పొద్దు అనే ఆ మాట దగ్గరే మనం ఆగాలి. ఈత కల్లును ఎరిగినవాళ్లు మొదట అడిగేది అదే. రాత్రంతా కుండలో కారింది తెల్లవారుజామున దించితే తీపి. పొద్దెక్కేకొద్దీ ఘాటు. సాయంత్రానికి పులుపు. మరునాటికి ఇంచుమించు పుల్లనీళ్లు. చెట్టు నుంచి కారే నీటిలో చక్కెర ఉంటుంది. గాలిలో, కుండ గోడల్లో ఉన్న ఈస్టు, బాక్టీరియా దాని మీద పడి కొన్ని గంటల్లోనే నాలుగైదు శాతం మత్తుకు తెస్తాయి. ఆ తర్వాత మత్తు వినెగర్ పులుపుగా మారుతుంది. కుండలో సున్నం పూస్తే ఈ పని ఆగి, తీపి నిలుస్తుంది. మన సైన్సు పాఠంలో కిణ్వనం అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు. పిల్స్‌నర్‌లో జరిగేదీ అదే. అయితే అక్కడ ఎంపిక చేసిన ఈస్టును చల్లటి చోట, వారాల తరబడి, మెల్లగా పనిచేయిస్తారు. తర్వాత వడకట్టి సీసాలో బంధిస్తారు. మత్తు లెక్కలో రెండూ దాదాపు ఒక వరుసే. ఒకటి సీసాలో నిలబడిపోయింది, ఇంకొకటి చెట్టు దిగిన క్షణం నుంచి మారుతూనే ఉంటుంది.

పొద్దు ఒక్కటే కాదు. పెద్దాయన చెప్పిన లెక్కలు ఇంకా ఉన్నాయి. వంక పక్క చెట్టు కల్లు వేరు, గట్టు మీది చెట్టు కల్లు వేరు. కొత్త కుండ వాసన వేరు. కుండలో తేనెటీగ పడి ఉంటే అది నిజం కల్లు, చీమ ముట్టనిది అనుమానించాలి. నురగ చిన్న బుడగలుగా లేచి అణగాలి. నాలుక చివర తీపి పట్టుకుని వదలకపోతే అందులో శాకరిన్ పడినట్టు. ఈ మాటలన్నీ కాగితం మీద రాస్తే ఆ పిల్లవాడి పట్టికకు ఏ రకంగానూ తీసిపోవు. మరి దానికి పట్టిక ఎందుకు వచ్చింది, దీనికి ఎందుకు రాలేదు?

పిల్స్‌నర్ కథ నిజానికి చెడ్డ బీరుతో మొదలైంది. బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, పిల్జెన్ అనే ఊరుంది. అక్కడ బీరు తరచూ చెడిపోయేది. 1838లో 36 పీపాల బీరును తాగడానికి పనికిరాదని తేల్చి ఊరి నడిమధ్య పారబోశారు. ఊరివాళ్లు కలిసి కొత్త బట్టీ కట్టుకుని, బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్ అనే పనివాణ్ణి పిలిపించారు. అతను 1842 అక్టోబరు 5న మొదటి కాపు పెట్టాడు. ఆ ఊరి నీరు ఉప్పదనం లేని మెత్తటి నీరు. లేతగా వేయించిన బార్లీ, దగ్గర్లో పండే జాట్స్ హాప్స్, చలిలో అడుగున పనిచేసే ఈస్టు కలిసి అప్పటిదాకా ఎవరూ చూడని లేత బంగారు రంగు బీరు వచ్చింది. తర్వాత జర్మన్లు దాన్ని పట్టుకున్నారు. రాడెబెర్గ్‌లో 1872లో పెట్టిన బట్టీ పిల్స్‌నర్‌కే పేరు తెచ్చుకుంది. జర్మన్ల చేతిలో అది ఇంకా పొడిగా, ఇంకా చేదుగా మారింది. 1870లలో లిండే కనిపెట్టిన శీతల యంత్రం, 1883లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ వేరుచేసిన శుద్ధమైన ఈస్టు తోడయ్యాయి. అంతకు చాలా ముందే, 1516లో బవేరియా ప్రభువు ఒక శాసనం చేశాడు. బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప ఇంకేమీ వేయకూడదని, ధర ఇంతకు మించకూడదని. వాళ్ల పాలకులకు పన్నుల ఆశ లేదని మేము అనడం లేదు, బాగానే ఉండేది. కానీ ఆ శాసనం కుండలో ఏముందో చూసింది. చెడ్డ బీరును పారబోసిన తీర్పు తాగే ఊరివాళ్లది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం 1800లో నిజాం నుంచి కంపెనీ చేతిలోకి వచ్చింది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. మద్రాసు ప్రభుత్వానికి కల్లు, సారా అంటే ఆబ్కారీ ఆదాయం. గుత్తదారుకు వేలంలో ఇవ్వడం, చెట్టుకింత అని పన్ను కట్టించుకోవడం, పన్ను కట్టిన చెట్టు మీద గుర్తు వేయడం, గుర్తు లేని చెట్టు గీస్తే కేసు పెట్టడం. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టంలో కల్లుకు ఇచ్చిన అర్థం ఒకటుంది, ఉపాధ్యాయులు గమనించాలి. కొబ్బరి, తాటి, ఈత లాంటి ఏ చెట్టు నుంచైనా తీసిన రసం, పులిసినా పులియకపోయినా, కల్లే. తెల్లవారుజామున పసిపిల్లవాడికి పట్టే తీపి నీరూ కల్లే, మాపటి పులుపూ కల్లే. పెద్దాయన మొదట అడిగే పొద్దును చట్టం ఒక్క మాటతో కొట్టేసింది. పన్ను వసూలుకు రుచితో పని లేదు కదా.

మా ఎరుకలలో ఈతపుల్లల ఎరుకల అని ఒక శాఖ ఉంది. ఈత పుల్లలతో, ఈతాకుతో బుట్టలు, చీపుర్లు అల్లి బతికినవాళ్లు. ఒకే చెట్టు. ఆకు మాది, రసం గీసేది ఈడిగవాళ్లు. ఆకు కోసుకోనిచ్చినందుకు బుట్ట, కుండ దించినప్పుడు ఒక దొప్పెడు కల్లు. చెట్టు మీద సర్కారు గుర్తు పడ్డాక ఆ ఇచ్చిపుచ్చుకోవడం మధ్యలోకి గుత్తదారు వచ్చి కూర్చున్నాడని మా పెద్దలు చెప్పగా విన్నాం. మా వైపు కాగితాల్లో మా మాట దొరకదు. కానీ సరిగ్గా ఇదే గొడవ కాగితాల్లోకి ఎక్కిన చోటు ఒకటుంది. అక్కడివాళ్లు తిరగబడ్డారు కాబట్టి ఎక్కింది.

అది గోదావరి ఏజెన్సీలోని రంప, ఇప్పటి రంపచోడవరం ప్రాంతం. అక్కడ కొండరెడ్లు, కోయలు తాటి కల్లు, జీలుగు కల్లు గీసుకునేవారు. ఎండాకాలం అది వాళ్లకు సగం తిండి. చాలా ఏళ్ల తర్వాత ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెండార్ఫ్ కొండరెడ్ల మీద రాసి 1945లో వేసిన పుస్తకంలో కూడా ఈ సంగతి ఉంది, జీలుగు కారే నెలల్లో కల్లే ఆకలి తీర్చేదని. బీరు దేశాల పక్కన పుట్టినవాడు కదా, పులిసిన రసాన్ని చూడగానే నేరం అనుకోలేదు. రంపలో మన్సబుదారు కల్లు మీద వసూలు చేసే పన్నును చిగురుపన్ను అనేవారు. 1870లలో సర్కారు ఆబ్కారీ నిబంధనలు కొండల్లోకి వచ్చాయి. ఇంటి మట్టుకు గీసుకోవడానికి కూడా వీల్లేదన్నారు. మైదానం నుంచి గుత్తదారులు ఎక్కివచ్చారు. పోలీసుల పీడన, వడ్డీ వ్యాపారులు కోర్టు కాగితాలతో పశువులను తోలుకుపోవడం అప్పటికే ఉన్నాయి. 1879 మార్చిలో తిరుగుబాటు లేచింది. ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి లాంటి వాళ్ల వెనక అది గూడెం కొండలకు, భద్రాచలం వైపుకు పాకింది. మద్రాసు సైన్యం దిగి అణచడానికి 1880 దాకా పట్టింది. చివరికి మన్సబుదారును తప్పించి ముఠాదారులతో సర్కారు నేరుగా ఒప్పందాలు చేసుకుంది.

పాఠ్యపుస్తకాల్లో రంప తిరుగుబాటుకు ఒక వాక్యం, రెండు వాక్యాలు దొరుకుతాయి. కల్లు పన్ను మీద తిరుగుబాటు అనగానే తరగతిలో వెనక బెంచీ నవ్వుతుంది. మేమూ ఒకప్పుడు ఆ నవ్వును ఆపలేదు. ఆపాల్సింది. వాళ్లు పోరాడింది తాగడానికి అనుకుంటే, ఉప్పు పన్ను మీద దండి దాకా నడిచింది ఉప్పు తినడానికి అనుకున్నట్టే.

ఇక్కడే ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని దాచకూడదు. అవే కొండల్లో 1920లలో అల్లూరి సీతారామరాజు ఖద్దరు కట్టమన్నాడు, తాగుడు మానమన్నాడు. పదో తరగతి సాంఘిక శాస్త్రంలో ఇది పిల్లలు చదువుతారు. 1879లో కల్లు కోసం కొట్లాడినవాళ్ల మనవలు ఆ మాట విన్నారు. ఇందులో వైరుధ్యం ఉందని మాకు అనిపించదు. గీయొద్దని గుత్తదారు చెప్పడం వేరు, మానమని మన వెంట నడిచేవాడు చెప్పడం వేరు.

రుచి చూడకుండా తీర్పు చెప్పడం సర్కారుకు కల్లుతోనే ఆగలేదు. నేరస్త తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చాక మా ఎరుకలను, సుగాలీలను పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టారు. ఎవరేం చేశారో చూడకుండా, చెట్టు మీద గుర్తు వేసినట్టే మనిషి మీద గుర్తు వేశారు. 1952లో ఆ చట్టం దేశమంతటా పోయింది. గుర్తు మాత్రం మాటల్లో మిగిలింది. ఇవాళ కూడా పేపరు తెరిస్తే "తండాపై దాడి, బెల్లం ఊట ధ్వంసం" అనే వార్త కనిపిస్తుంది. పక్కన బిందెల ముందు కూర్చోబెట్టిన ఆడవాళ్ల ఫోటో. కర్ణాటక సరిహద్దు దాటి వచ్చే మందు ప్యాకెట్లకు ఏ కులం పేరూ ఉండదు గానీ, నాటుసారాకు తండా పేరు తప్పకుండా ఉంటుంది.

నాటుసారా మంచిదని మేము అనం. నల్లబెల్లం ఊటలో నవసారం, ఇంకా ఏమేమో కలిపి కాచేది ఈత కల్లుకు చుట్టం కూడా కాదు. కల్లు చెట్టు మీద తయారవుతుంది, సారా పొయ్యి మీద. బట్టీ మందులో నలభై శాతం పైన మత్తు. ఇక తెలంగాణలో, మన సీమలో కొన్నిచోట్ల కల్లు పేరుతో అమ్మేదాంట్లో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి నిద్రమందులు కలుపుతున్నారు. దానికి అలవాటు పడ్డవాళ్లకు ఒకరోజు దొరక్కపోతే చేతులు వణుకుతాయి, మతి తప్పుతుంది. చెట్లు తగ్గాయి, తాగేవాళ్లు తగ్గలేదు, ఆ తేడాను మందుబిళ్ల పూడ్చింది. ఈత కల్లు, నాటుసారా, బిళ్ల కలిపిన తెల్లనీళ్లు, ఈ మూడింటికీ మన పిల్లలు ఒకే పేరు వాడుతున్నారు. పెద్దాయన నాలుకకు తెలిసిన తేడా మన తరంతోనే పోతోంది. పోతే, చెడ్డదాన్ని చెడ్డదని చెప్పడానికి కూడా మాట మిగలదు.

రుచి చూడకుండానే సరిగ్గా తీర్పు చెప్పినవాళ్లు మన రాష్ట్రంలో ఒక్కరే. ఆడవాళ్లు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం చదివారు. చదివి, సారా కొట్టు మూయించారు. రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1992లో జిల్లాలు దాటింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించేశారు, ఖజానా మాటే మళ్లీ గెలిచింది. ఒక పాఠం రాష్ట్రాన్ని కదిలించిన సంగతి చదువు చెప్పే మనకైనా గుర్తుండాలి. వాళ్లు గ్లాసు ముట్టలేదు. గ్లాసు ఇంట్లోకి వచ్చాక ఏం జరిగిందో రోజూ చూశారు.

1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలంటుంది. తీర్పును ఊరికి తిరిగిచ్చే మాట అది. మా నందవరం, ఆదోని షెడ్యూల్డు ప్రాంతం కాదు కాబట్టి మాకు అదీ లేదు. గేరి మొత్తం వద్దన్నా దుకాణం వస్తుంది. గేరి మొత్తం నవ్వుకుంటూ నాలుగు ఈతచెట్లు కాపాడుకుందామన్నా అడిగేవాడు లేడు.

పండగ మరునాడు పిల్లవాడు తన పట్టిక వెనకవైపు గీతలు కొట్టి, ఈత కల్లుకు పట్టిక రాద్దాం అన్నాడు. మేము పలక పట్టుకున్నట్టు కాగితం పట్టుకున్నాం. పెద్దాయన చెబుతూ పోయారు. ఏ చెట్టు. ఎవరు గీసినారు. ఏ పొద్దు దించినారు. కుండ ఏది. నురగ, వాసన, తీపి, పులుపు. నోటికి చిక్కగా తగిలిందా, నీళ్లగా తగిలిందా. వాడు యాభై మార్కులను వీటికి పంచడానికి తంటాలు పడ్డాడు. పొద్దుకు పది ఇద్దామన్నాడు. చాలదన్నారు పెద్దాయన.

అప్పటిదాకా చీపురు కడుతున్న వాడి తల్లి పుల్ల కొరికి దారం ముడేసింది. "ఇంకో గీత కొట్టు" అంది.

"ఏం రాయాల్లమ్మా?"

"తాగినోడు ఇంటికి ఎట్ల వచ్చినాడు, అని రాయి."

వాడు రాశాడు. రాసి, దానికెన్ని మార్కులని అడిగాడు.

"ముప్పై" అంది. "మిగిలినయ్యన్నీ ఇరవైలో సర్దుకోండి."